సావిత్రి చెప్పిన జవాబు

కుంఠా నాకా కూడలి వెనక సందులో సావిత్రి ముప్పై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. భర్త పోయాక కూతురు శ్రావణిని ఆ పనితోనే డిగ్రీ దాకా తెచ్చింది. మధ్యాహ్నం తెలుగు సీరియల్ వచ్చే వేళకు పక్కిళ్ల ఆడవాళ్లు చేటలు పట్టుకుని ఆమె ఇంటికే వచ్చేవారు. అత్త ఎన్ని మాటలన్నా తలవంచుకుని భరించే కోడలి కథ అది.

ఒకరోజు శ్రావణి ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. అదే ఊళ్లో హోట్గి రోడ్‌లో ఉండే తృప్తి అనే కాలేజీ అమ్మాయి మాట్లాడుతోంది. "ఈ సీరియల్ బంద్ చేయాలె. దీన్ని చూసే ఆడోళ్లందరు మగోళ్ల ఇంటి కావలి కుక్కలు."

సావిత్రికి ఒళ్లు మండింది. కూతురి చేత తన జవాబును కూడా వీడియో తీయించి పెట్టించింది.

"పోరీ, ఆ కోడలు ఏడుస్తె నాకు ఏడుపొస్తది. అందుకని ఆమె లెక్క పడి ఉంటననుకున్నవా? మొగుడు చెయ్యెత్తితె ఆ చెయ్యి పట్టుకున్నదాన్ని నేను. నన్ను కుక్క అంటవా? నోరు కడుక్కో!"

వారం తిరక్కుండా అది ఊరంతా తిరిగింది. సావిత్రి మురిసిపోయింది.

తర్వాత ఒక సాయంత్రం శ్రావణి పాలిపోయిన ముఖంతో వచ్చింది. ఎవరో మగపిల్లలు ఆ వీడియో కింద తృప్తి అడ్రసు, స్కూటీ నంబరు పెట్టారు. 'మన అమ్మను కుక్క అన్నదాని నోరు మూయిద్దాం' అని రాశారు. ఆ కిందవి శ్రావణి పైకి చదవలేకపోయింది. రాసినవాళ్లలో విశాల్ ఉన్నాడు. రోజూ సావిత్రి పక్కనే కూర్చుని బీడీలు చుట్టే రేణుక కొడుకు.

సావిత్రి వెంటనే తన వీడియో తీసేయించినా అప్పటికే ఎన్ని ఫోన్లలోకి పోయిందో.

"ఆ పిల్లకేమన్న అయితె నేను చేసినట్టే గదనే!"

తల్లీకూతుళ్లు ఆటో ఎక్కి హోట్గి రోడ్‌కు పోయారు. తలుపు వేలెడంత తెరుచుకుంది.

"మీరా! మీ ఎన్క ఎవరొచ్చిన్రు?" తృప్తి తలుపు వదలకుండా అడిగింది.

"నా బిడ్డనే. ఇంకెవ్వరు లేరమ్మా."

"నేనన్న మాట వాపస్ తీసుకోను."

"నేను గూడ తీసుకోను. మన కొట్లాట మనది. ముందుగాల పోలీస్ చౌకీకి పోదాం, రా."

రెండు రోజులుగా గడప దాటని ఆ పిల్ల, సావిత్రి చెయ్యి గట్టిగా పట్టుకుని మెట్లు దిగింది.

చౌకీలో పేర్లు అడిగారు. సావిత్రికి రేణుక ముఖం కళ్లముందు మెదిలింది.

"విశాల్, సాయెబ్. మా సందు పోరడే. నా మాట అడ్డం పెట్టుకొని ఈ పిల్లను బెదిరిస్తుండు."

విశాల్‌నూ మరో ఇద్దరినీ పిలిపించి, రాతలు తీయించి, హెచ్చరించి పంపారు. తృప్తి మళ్లీ కాలేజీకి పోతోంది, తోడు ఉంటేనే. తన వీడియోలో 'కుక్కలు' అన్న మాట తీసేసింది. మిగతాదంతా ఉంచింది.

రేణుక రావడం మానేసింది. విశాల్ మాత్రం సావిత్రి గుమ్మం ముందు బండి ఆపుతాడు. కాసేపు చూసి పోతాడు. ఇప్పుడు శ్రావణి బస్సు దిగే వేళకు సావిత్రి నాకా దాకా ఎదురు పోతోంది.

"భయమైతలేదా అమ్మా?" అని ఇంటికి వచ్చే దారిలో కూతురు అడిగింది.

"అయితుంది బిడ్డా. బండి సప్పుడైతె చాలు, పానం గుంజుతుంది" అంటూ ఆమె అడుగు వేగం పెంచింది.