లేని ముత్తాతకు బియ్యం

మాది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. ఏటా పెద్దలను తలచుకునే పెత్రమాస అమావాస్య నాడు ముత్తాత పోచయ్య పేరున పూజలు చేయించే అయ్యగారికి బియ్యమిచ్చేవాళ్లం. నిరుడు వంశవృక్షం గీద్దామని ఊళ్లో పెద్దవాళ్లను అడుగుతూ పోతే, మా వెనకింటి సాయవ్వ నవ్వింది.

“పోచయ్యెవడు బిడ్డా? మీ తాతను కన్నది పోచవ్వ. ఊరోళ్లు ఆమెను దేవత పేరు జెప్పి జోగినిని జేసిన్రు. కొడుక్కు తండ్రినని ఒక్కడు ముందుకు రాలే, కూలి జేసి ఒక్కతే సాకింది.”

ఆ పెత్రమాసకు అయ్యగారు పేరు అడగగానే “పోచవ్వ” అన్నాను.

పెదనాయిన ఉరిమి చూశాడు. “గా పేరెత్తకు, ఇజ్జత్ పోతది!”

“జోగినిని జేసినోళ్లకు పోని ఇజ్జత్ మనకెందుకు పోతది పెదనాయినా?”

అందరి ముందూ అనేశాను. అప్పుడు పెదనాయిన తమ్ముడు, మా బాపు, బియ్యం చేట ఎత్తాడు. “మా నాయినమ్మ పోచవ్వ పేరున పట్టుండ్రి అయ్యగారూ.”

మా వంశవృక్షం ఇప్పుడు పోచవ్వతోనే మొదలవుతుంది. ఇజ్జత్ గురించి మాట్లాడేవాళ్లు ముందు మా తాతను కన్న తండ్రి పేరు చెప్పాలి.