కొత్త గిటార్ మీద మొదటి చెయ్యి

మీ ఇంట్లో శుభకార్యం జరిగినప్పుడు భర్త పోయిన ఆడమనిషిని ఎక్కడ కూర్చోబెడతారు? ముందు వరసలోనా, వంటింటి గుమ్మం దగ్గరా? "మా ఇంట్లో అలాంటి పట్టింపులు లేవండీ" అని తొందరపడి చెప్పకండి. ఆలోచించుకోండి. ఈలోగా నేను నరసరావుపేటలో గిటార్ కొనుక్కున్న సంగతి చెబుతాను.

నేను మాచర్లలో హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాస్తాను, సభల్లో వాదిస్తాను. గిటార్ మాత్రం ఈ మధ్యనే పట్టుకున్నాను. పక్కింటి మెకానిక్ గారి అమ్మాయి తన గిటార్ మీదే నాకు నేర్పింది. ఆ పిల్ల ఇంజనీరింగులో చేరి హాస్టలుకు పోతూ గిటార్ కూడా తీసుకుపోయింది. నాకు మిగిలింది వేలి కొసల మీద కాయలు.

నా గది చిన్నది. గోడల నిండా పుస్తకాలు. పుస్తకాలు శబ్దాన్ని పీల్చేస్తాయి, తీగ మీటితే ధ్వని అక్కడికక్కడే ఆగిపోతుంది. అందుకని లోపలే ఎఫెక్టులు అమర్చిన అకౌస్టిక్ గిటార్ కావాలనుకున్నాను. దాని వెనక చెక్కకు లోపలివైపు ఒక చిన్న పరికరం బిగించి ఉంటుంది. అది తీగల కంపనాన్ని అందుకుని, కాస్త పొడిగించి, ఆ చెక్కనే మళ్లీ కంపింపజేస్తుంది. స్పీకరు, వైరు అక్కర్లేదు. సెల్లులు చాలు. ఒక మీట తిప్పితే పెద్ద హాల్లో వాయించినట్టుంటుంది, ఇంకొకటి తిప్పితే ఇద్దరు కలిసి వాయించినట్టుంటుంది.

తోడుగా మా ఆడపడుచు వచ్చింది. నాకంటే చిన్నది, నాకు పూర్తిగా వ్యతిరేకం. వారంలో సగం రోజులు ఉపవాసాలే. రైలెక్కిన దగ్గర్నుంచీ మొదలుపెట్టింది.

"ఈ వయసులో గిటారేంది వదినా? తంబూరా అంటే కాస్త అర్థముంది."

"తంబూరా పట్టుకుంటే జనం దణ్ణాలు పెడతారే. నాకు దణ్ణాలొద్దు."

"ఇప్పుడు మాత్రం ఎవరు పెడుతున్నారులే" అంది.

బజారులోని ఆ కొట్టు తరాలుగా ఒకే కుటుంబానిది. కింద డప్పులు, తబలాలు, భజన తాళాలు. పైన గోడకు వరసగా గిటార్లు. "గిటార్లు చర్చివాళ్లే ఎక్కువ తీసుకెళ్తారు టీచరుగారూ" అన్నాడు కొట్టు యజమాని. నేను టీచర్నని మా ఆడపడుచు గుమ్మంలోనే చెప్పేసింది. మర్యాదస్థుడు. నేనడిగిన రకం ఒకటి షోకి పెట్టి ఉంటే దించి నా చేతికిచ్చాడు. కుర్చీ వేసి, టీ తెప్పించాడు.

"ఇది ఉంటే మైకుసెట్టుతో పనే లేదమ్మా. వీధి చివరిదాకా వినపడుద్ది."

మీట కట్టేసి ఒకసారి, తిప్పి ఒకసారి వాయించి, ఆయన్ని వాకిట్లో నిలబడి వినమన్నాను. "గట్టిగా వినపడదు, పొడుగ్గా వినపడుతుంది. అవి రెండూ వేరు" అన్నాను.

"మీకు తెలియందేముంది" అని నవ్వేశాడు.

నాకు కావలసింది ఆ పొడుగే కాబట్టి, తీసుకుంటానన్నాను. టీ చల్లారేదాకా ఆ షో గిటార్ నా ఒళ్లోనే ఉంది. ఎవరికీ ఏ అభ్యంతరమూ రాలేదు.

కొత్తది పెట్టె విప్పుతూ ఆయన మామూలుగా అడిగాడు. "సారుగారు రాలేదా?"

"ఆయన పోయారు."

"అయ్యో" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. ఆ తర్వాత కొత్త గిటార్ బయటికి తీసి, సెల్లులు వేసి, మెడ చివర, తీగలు బిగించే తలకట్టు మీద కుంకుమబొట్టు పెట్టాడు. బల్ల మీద తువ్వాలు పరిచి దాన్ని పడుకోబెట్టి, మెడను మెల్లగా మా ఆడపడుచు వైపు తిప్పాడు.

"మా కొట్లో ఆనవాయితీ అమ్మా. కొత్త వాయిద్యం గడప దాటేముందు మంచి చెయ్యి ఒకసారి మీటాలి. మీరు కానివ్వండి."

"కొనేది నేను. వాయించేది నేను" అన్నాను.

"తర్వాత జన్మంతా మీరే వాయించుకోండి టీచరుగారూ. మొదటిది ఒక్కటే."

"ఇందాకటిదాకా షో గిటార్ వాయించిన చెయ్యి ఇదేగా?"

"అది అమ్మే సరుకు కాదుగా."

"చర్చివాళ్లకూ ఇదే ఆనవాయితీనా?"

"వాళ్లకు పాస్టరుగారు ప్రార్థన చేసి ముట్టుకుంటాడు. ఎవరి చెయ్యి వాళ్లకుంది."

మా ఆడపడుచు నా మోచెయ్యి పట్టుకుంది. "పోనీ వదినా, నీ మేలుకేగా. ఒక్క దెబ్బ" అంటూ, నేను జవాబు చెప్పేలోగా బొటనవేలితో తీగలన్నీ ఒక్కసారి మీటింది.

మామూలు శబ్దమే వచ్చింది. హాలూ లేదు, ఇద్దరు వాయించడమూ లేదు. కొట్టాయన మీట తిప్పి మళ్లీ మీటమన్నాడు. అంతే. గట్టిగా నొక్కాడు. అంతే. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుని పైటలో దాచుకుంది.

"ఏం లేదమ్మా, కంగారుపడమాకండి" అంటూ ఆయన సెల్లుల మూత తీశాడు. "ఇదిగో, ఒక సెల్లు ఉల్టా వేశాను."

అప్పుడు అడిగాను. "అయ్యా, ఆమె మీటితే పలకలేదు. మీరు సెల్లు చూశారు. మంచిదే, కారణం అక్కడే ఉంది. మొదట నేను మీటి, పలక్కపోతే, మూత తీసేవారా? నా మొహం చూసేవారా?"

ఆయన సెల్లు తిప్పి వేశాడు. మూత పెట్టాడు. "లోకం అట్టా ఉంది టీచరుగారూ, ఒక్కణ్ణి నేనేం చేసేది" అని గొణిగాడు.

చేయగలిగిందేమిటో మా ఆడపడుచు చేసి చూపించింది. గిటార్ రెండు చేతులతో ఎత్తి నా ఒళ్లో పెట్టింది. "నీ మొహమే చూసేవాళ్లం వదినా. నేనూ చూసేదాన్నే. వాయించు."

వాయించాను. చెక్క నా పొట్టకు ఆనుకుని గుమ్మంటూ పలికింది. కొట్టంతా పెద్ద హాలయింది. ఆయన "బాగుంది" అన్నాడు. ఆనవాయితీ మానేస్తానని మాత్రం అనలేదు. నేనూ అడగకుండా వదల్లేదు. "చూద్దాంలెండి" అన్నాడు.

తిరుగు రైల్లో గిటార్ మా ఇద్దరి మధ్యా నిలబెట్టుకున్నాం. సాతులూరు దాటాక ఆమె తనంతట తానే అంది. "మనవరాలికి ఓణీల ఫంక్షన్ చేస్తున్నాంగా. నువ్వు వెనక కూర్చోమాక. మొదటి అక్షింతలు నువ్వే వెయ్యి."

"మీ అత్తగారు ఊరుకుంటుందా?"

ఆమె గిటార్ జారిపోకుండా తనవైపు సర్దుకుంది. "ఊరుకోదు" అంది. "అయినా వెయ్యి."

ఆ ఫంక్షన్ ఇంకా కాలేదు. ఏం జరుగుతుందో నాకు తెలియదు. నేను మాత్రం ముందు వరసలోనే కూర్చుంటాను.

మొదట్లో మిమ్మల్ని ఒక ప్రశ్న అడిగాను. మంచి చెయ్యి ఉన్నవాళ్లనే మళ్లీ అడుగుతున్నాను. ఎందుకంటే బొట్టు పెట్టి పిలిచేది మిమ్మల్నే. ఈసారి దీపం వెలిగించమన్నా, పాలు పొంగించమన్నా, అక్షింతల పళ్లెం చేతికిచ్చినా, మీ చెయ్యి వెనక్కి తీసుకోండి. వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డ ఆమెను అందరి ముందూ పిలవండి. ఆ పళ్లెం ఆమె చేతుల్లో పెట్టండి. ఆమె మొదలుపెట్టేదాకా మీరు కదలకండి.