రాజవ్వ చెంప

గంజి పెట్టిన చీర మడత విప్పితే ఇప్పటికీ నాకు రాజవ్వ గుర్తొస్తుంది. సిరిసిల్లలో మగ్గం నేసేవాళ్ల పిల్ల. ఆరో తరగతిలో నా పక్కనే కూర్చునేది. ఆమె దగ్గర ఎప్పుడూ నూలుకు పట్టించే గంజి వాసన వచ్చేది.

మా బడిలో జవాబు చెప్పినవాళ్లు, చెప్పలేనివాళ్ల ముక్కు పట్టుకుని చెంప మీద కొట్టాలి. ఆ రోజు ఇంగ్లీషు సారు 'బీట్'కు మూడు రూపాలు చెప్పమన్నారు. నాకు రాలేదు. తర్వాత రాజవ్వను అడిగితే తలొంచుకుని నిలబడింది.

"సరే, హర్ట్ చెప్పుండ్రి. దెబ్బ తాకినా హర్టే, మాటతోని మనసు నొచ్చినా హర్టే" అన్నారు సారు.

అది నాకు వచ్చు. రాజవ్వకు రాదు. మెల్లగా కొట్టినా సారు ఏమీ అనేవారు కాదు. కానీ నేను, జవాబు చెప్పిన సంబరంలో, ఆమె ముక్కు పట్టుకుని చెళ్లుమనిపించాను.

ఇంటికి పోతుంటే రాజవ్వ "బీట్, బీట్, బీటెన్" అని గడగడా చెప్పింది.

"మరి గప్పుడు చెప్పకపోతివేందే?"

"చెప్తె నిన్ను కొట్టాలె గద."

ఆమె చెంప ఇంకా ఎర్రగానే ఉంది. ఇల్లు వచ్చేదాకా పక్కపక్కనే నడిచాం. నొచ్చిందా అని నేను ఒక్కమాట అడగలేదు.