సంచిలో దాచిన పేజీ

మాది కోయంబత్తూరు దగ్గర సూలూరు. పవర్‌లూమ్‌లో పని చేసుకుంటూ, యాభై దాటాక నా కూతురు కవిత దగ్గరే అక్షరాలు నేర్చుకున్నాను. తను జర్మనీలో చదువుకోవడానికి వీసా అడగబోయే ముందు రోజు సంగతి ఇది.

వీసాకు ఆరోగ్య బీమా ఉండాలట. రాని జబ్బుకు ముందే కాగితం ఎందుకో నాకు బోధపడలేదు. కవిత ఒక్కో పేజీ చదివి చెప్పింది. మూడో పేజీలో, అక్కడ చనిపోతే శవాన్ని ఊరికి పంపే బాధ్యత వాళ్ళదేనని ఉంది. మా ఇళ్ళలో ప్రయాణమయ్యేవాళ్ళ ముందు చావు మాటే ఎత్తరు. తను స్నానానికి వెళ్ళగానే ఆ పేజీ తీసేశాను. అక్షరాలున్న కాగితం చించడానికి చేతులు రాక, మడిచి నడుము సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు వీసా ఆఫీసు బయట కూర్చున్నాను. కవిత ఏడుస్తూ వచ్చింది.

"అమ్మా, బీమాలో ఒక పేజీ కాణోం! అది లేకుంటే తీసుకోరంట."

సంచి విప్పి ఆ పేజీ తీశాను. "ఊరికి పోయేప్పుడు చావు మాట మోసుకుపోతారా కన్ను, నా తల్లీ?"

"అయ్యో మా! ఆ మాట ఉంటేనే పంపుతారు!" అంటూ లాక్కుని లోపలికి పరుగెత్తింది.

వీసా వచ్చింది. ఆ నియమం మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. విమానం ఎక్కే రోజు ఫైలు నేనే సర్దాను. ఆ పేజీ ఉందని రెండుసార్లు చూసుకుని, బోర్లా తిప్పి పెట్టాను.