పెద్దమ్మ చేసిన వైద్యం

పెద్దమ్మ పోయింది. సాంచాలు నడుస్తున్నాయి. సాంచాలంటే మా సిరిసిల్లలో మరమగ్గాలు. ఆ చప్పుడులో కబురు తెచ్చినవాడు నా చెవిలో మూడుసార్లు అరవాల్సి వచ్చింది. నా నాలుగు సాంచాలూ ఆపేశాను. "సావు మీ ఇంట్లనా?" అన్నాడు సేటు. "అవు, మా ఇంట్లనే" అన్నాను.

ఆమె నాకు చుట్టం కాదు. పక్కింట్లో రాట్నం మీద కండెలు చుట్టి ఒక్క కొడుకును పెంచుకున్న మనిషి.

రెండేళ్ళ కింద కోరుట్ల నుంచి వస్తుంటే పోలీసులు నన్ను బస్సులోంచి దింపారు. అన్నలకు, అంటే నక్సలైట్లకు, అన్నం పెట్టిందెవరో చెప్పమన్నారు. ఎట్లా కొట్టారో ఇక్కడ రాయను. చదివితే జాలి పుడుతుంది, ఆ జాలి నాకక్కర్లేదు. ఆరో రోజు ఒక పేరు చెప్పాను. పెద్దమ్మ కొడుకు పేరు. నన్ను వదిలి అతన్ని పట్టుకుపోయారు. బయటపడ్డాక అతను ఇంటికైనా రాకుండా బొంబాయి దగ్గరి మగ్గాల ఊరు భివండికి పోయాడు.

నాకు జీపు చప్పుడు వింటే లుంగీ తడిసేది. జగిత్యాల డాక్టరు నిద్రగోళీలు రాశాడు. అమ్మ తాయెత్తు కట్టించింది. దోస్తులు "మర్శిపో" అని దూరం నుంచే చెప్పి పోయారు. స్టేషన్‌కు పోయొచ్చినవాడి పక్కన నిలబడితే పోలీసుల కన్నూ పడుతుంది, అన్నల కన్నూ పడుతుంది. మా గల్లీ తెలివి అది. థూ!

పెద్దమ్మ ఒక్కతే పిలిచింది. "ఏందిరా, కొత్తకోడలు లెక్క ఇంట్ల కూసున్నవు? నాకు కండ్లు మసకైనయి. తెగిన పోగులు అతుకు, రా."

ఏమీ అడగలేదు. పోగు తెగితే రాట్నం ఆపేది. నేను అతికాక తిప్పేది. వేళ్ళు వణికి ముడి జారితే "మల్ల ఎయ్యి, యాడికి పోతది" అనేది. చాయ్ సాసర్లో పోసి, తానే ఊది, ముందు నాకిచ్చేది. 

నాలుగు నెలలకు నేనే చెప్పాను, ఆమె కొడుకు పేరు ఇచ్చింది నేనని. ఆమె చేతిలో పోగు తెగింది, చూసుకోలేదు. వట్టి కండె తిరుగుతూనే ఉంది. "లేసి పో" అంది.

తొమ్మిది రోజులు తలుపు తీయలేదు. పదో రోజు మా గడపలో నిలబడింది.

"కోపం ఇంక ఉన్నదిరా. సచ్చెదాక ఉంటది. గని కొట్టినోన్ని ఇడిసి నిన్ను వట్టుకుంటే నా కడుపు సల్లవడ్తదా? నడు."

రెక్క పట్టుకుని నల్లా దగ్గరికి తీసుకుపోయింది. ఆడవాళ్ళంతా బిందెలతో ఉన్నారు. "నా కొడుకు పేరు చెప్పింది ఈడే. దెబ్బలకు చెప్పిండు. మీ ఇండ్లల్ల ఏం దాసుకున్నరో మీరు గూడ చెప్పుండ్రి" అంది.

 చివరికి ఒకామె బిందె దించింది. "మా ఆయన వారం వారం ఠాణాల సంతకం వెట్టి వస్తున్నడక్కా. ఎవలకూ చెప్పలే." ఇంకొకామె ఏడుపు మొదలుపెట్టింది. నీళ్ళు పొర్లి గల్లీలోకి పారుతున్నా నల్లా ఎవరూ కట్టలేదు.

నా వణుకు పోలేదు. పోయిందని రాస్తే అబద్ధం. కాని ఇప్పుడు జీపు వస్తే పక్కింటివాడు వచ్చి నా పక్కన నిలబడుతున్నాడు. "భయం గల్లీ మొత్తానికి వట్టింది. నీ ఒక్కనికి గోళీలేస్తే పోతదారా?" అనేది పెద్దమ్మ.

కొడుకు కోసం శవాన్ని మర్నాటి దాకా ఉంచాం. వచ్చాడు. పాడె ఎత్తే వేళ ఒక భుజం తక్కువైంది. అందరికంటే వెనక నేను. అతను నిప్పుకుండతో వెనక్కి తిరిగి నన్నే చూశాడు.

"అమ్మ జాబు రాయించింది. అంత తెలుసు." పాడె వైపు చెయ్యి చూపి, "పట్టు" అన్నాడు. మాఫీ చేసిన గొంతు కాదది.

భుజం పెట్టాను. అతను ముందు నడిచాడు. అప్పుడు చూశాను, ఎడమకాలు ఈడ్చుతున్నాడు. మేం నలుగురం అడుగు తగ్గించి, ఆ కాలు లేచి మళ్ళీ నేలకు ఆనేదాకా ఆగుతూ, మానేరు వాగు దాకా అట్లాగే మోశాం.