త్రీడీ అద్దాలు, అత్తమ్మ పిన్నీసులు

ఈ రోజు మ్యాట్నీకి మా అత్తమ్మను సిద్దిపేటకు కొత్తగా వచ్చిన త్రీడీ సినిమాకు తీసుకెళ్లాను. కంటి ఆపరేషన్ తర్వాత ఆమె చూస్తున్న మొదటి సినిమా ఇదే. గేటు దగ్గర అట్టతో చేసిన ఎరుపు, నీలం అద్దాలు చేతికిచ్చారు.

అత్తమ్మది అసలే సోడాబుడ్డి కళ్లజోడు. దాని మీద ఈ అట్ట నిలవదు, జారి ఒళ్లో పడుతుంది. కళ్లజోడు తీస్తే తెర మసక, అట్ట తీస్తే ప్రతి బొమ్మా రెండు. హాలంతా మీదికొచ్చే బాణాలకు తలలు వంచి కేకలు పెడుతుంటే, ఆమె రెండు చేతులతో అట్టను పట్టుకుని అవస్థ పడుతోంది. నాకు ఒళ్లు మండింది.

"ఇంటికి పోదామా అత్తమ్మా?" అన్నాను.

"ఆగు బిడ్డా" అని కొంగు తల మీదికి బిగించి లాక్కుంది. గాజులకు తగిలించుకున్న పిన్నీసుల్లో రెండు తీసి, అట్ట కాడలను చెవుల దగ్గర కొంగుకు గుచ్చేసింది. ఇక అద్దాలు కదిలితే ఒట్టు! మరుక్షణం ఆమె కూడా తల వంచి "ఓయమ్మో!" అని అరిచింది.

ఇంటర్వెల్‌లో వెనక వరుసలోని కళ్లజోడు పెద్దాయన మెల్లగా అడిగాడు: "అక్కా, ఇంకో రెండు పిన్నీసులుంటే ఇయ్యరాదు?" మిగతా సినిమా అంతా ఆయన తలరుమాలుకు అద్దాలు గుచ్చుకునే చూశాడు.

రిక్షాలో వస్తూ సినిమా ఎట్లుందని అడిగాను.

"మస్తుగుంది. గా అద్దాలు చేసినోని కండ్లు మంచిగున్నట్టున్నయి బిడ్డా. మా అసొంటోళ్లు యాదికే రాలే."

మీ ఇంట్లో కళ్లజోడువాళ్లు ఎలా చూశారో చెప్పండి. ఇంకా చూడనివాళ్లు మా ఇంటి మీదుగా వెళ్లండి, అత్తమ్మ గాజులకు పిన్నీసులు ఇంకా ఉన్నాయి.