కొండ వాగు ముందు కాలువ లెక్క

మా ఆయన సగం జీవితం లారీ మీదే గడిపాడు. మిర్యాలగూడ మిల్లుల దగ్గర బియ్యం, ఖమ్మం వైపు మిర్చి, ఏ లోడు దొరికితే అది ఎత్తుకుని ఉత్తరాదికి పోయేవాడు. అక్కడ ఆకాశం తేటగా ఉన్న రోజు దూరంగా మంచుకొండలు కనిపించేవట. దగ్గరికి పోయి చూడకపోయావా అని అడిగితే, "లోడు దించి మర్లాలె గని, కొండలు సూస్త కూసుంటే ఓనరు ఊకుంటడా" అనేవాడు.

లారీ అమ్మేశాక మాకు ఒక జీపు మిగిలింది. ఎరువుల బస్తాలు, పాల క్యాన్లు మోసే బండి. నేల నుంచి ఎత్తుగా ఉంటుంది, పొలం గట్లు దాటినా అడుగు తగలదు. ఒక ఏడు యాసంగి వడ్లు అమ్ముడుపోయి, సాగర్ కాలువకు ఇంకా నీళ్లు వదలని రోజుల్లో, "పోదాం పా" అన్నాడు. మనాలి నుంచి ఎక్కి, స్పితి లోయ చుట్టి, సిమ్లా వైపు దిగాలి. కోదాడలో ఉండే మా చెల్లె కూడా బయలుదేరింది.

నాకు మాత్రం కొండలు చూడాలని కాదు, కొండల్లో బండి తోలాలని ఉండేది. ఆయన లారీ మీద ఊళ్లు తిరుగుతుంటే మా మడి దున్నింది నేనే. ట్రాక్టరు నాకు చిన్న వయసులోనే వచ్చింది. మడిలో ఎవరూ లైసెన్సు అడగరు, రోడ్డెక్కితే అడుగుతారు. అందుకే నలభై దాటాక మా వీధి టీచరమ్మ దగ్గర కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. పరీక్షలో కంప్యూటరు మీద వచ్చిన ప్రశ్నలు నేనే చదివి నేనే నొక్కాను.

"కొండల్ల నాకు ఇయ్యాలె" అని ఇంటి దగ్గరే చెప్పాను.

"సూద్దాం తీ" అన్నాడు.

నాగపూర్ దాటాక, గీత గీసినట్టున్న రోడ్డు మీద స్టీరింగు నాకిచ్చి వెనక పడుకున్నాడు. మనాలి ఘాటు మొదలు కాగానే లేచి తీసుకున్నాడు.

"అక్కకి ఇస్తానన్నావుగా బావా" అంది చెల్లె.

"ఇది ఘాటు. మీ కోదాడ బైపాస్ కాదు."

"మా కోదాడ బైపాస్ మీద లారీలు అడ్డం పెట్టేది మీ మిర్యాలగూడ వాళ్లే."

ఆయన నవ్వాడు కానీ ఇవ్వలేదు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. సొరంగం దాటి ఎడమకు దిగే తారురోడ్డు వదిలేసి కుడికి తిరిగాం. అక్కడి నుంచి రోడ్డు అనేదే లేదు. రాళ్లూ, గుంతలూ, పక్కన బూడిదరంగు నది. చెట్టన్నది కనబడదు. ఇంత పెద్ద బంజరు నేను ఎన్నడూ చూడలేదు, అయినా కంటికి బాధ అనిపించలేదు. ఇటు అంతా నీడ, అటు కొండ నెత్తిన ఎండ.

ఎండ ముదిరే వేళకు ఒక వాగు అడ్డం వచ్చింది. పైన మంచుగడ్డ నుంచి దిగి, దారి మీదుగా పారి, నదిలో పడుతోంది. నీళ్లు మోకాలికి తక్కువే ఉన్నాయి గానీ వేగంగా ఉన్నాయి. ముందు పోయిన ఒక బండి ఎగిరెగిరి దాటింది.

ఆయన దిగి చూసి, "జరసేపు ఆగుదాం. నీళ్లు తగ్గుతయి" అన్నాడు.

నాకూ అదే సరైందనిపించింది. మా దిక్కు కాలువ నీళ్లు చూసిన ఎవరికైనా అట్లాగే అనిపిస్తుంది. తూము ఎత్తితే నిండుతుంది, వంతు అయిపోయి తూము దించితే తగ్గుతుంది. నిండు కాలువ దగ్గర తొందరపడినవాడు ఎద్దును పోగొట్టుకుంటాడు, ఓపిక పట్టినవాడు పొద్దుగూకేలోపు పాదాలు తడవకుండా దాటతాడు. మేం ఓపిక గల మనుషులం. స్టవ్ దించి ఎసరు పెట్టాం.

అన్నం ఎంతకూ ఉడకలేదు. నీళ్లు తెర్లుతూనే ఉన్నాయి, మెతుకు మాత్రం పలుకు పలుకుగా ఉంది.

"బియ్యం కొండెక్కినయ్ బావా, దిగేదాకా ఉడకవు" అంది చెల్లె.

ఆ పలుకుల అన్నమే పచ్చడితో తిని లేచేసరికి, వంటకు ముందు నేను గిన్నె కడిగిన రాయి కనిపించలేదు. వాగు పెరిగింది. పైన ఎక్కడా మబ్బు లేదు, వాన లేదు. ఇంకాసేపు చూశాం, ఇంకా పెరిగింది. నీళ్ల అడుగున రాళ్లు దొర్లుతున్న చప్పుడు వచ్చింది.

వెనక్కి కొంత దూరంలో గుడారం వేసుకుని చాయ్ అమ్మే ఒకామె ఉంది. అక్కడికి పోయాం. ఆయన తన లారీ హిందీలో సంగతి చెప్తే ఆమె చాలాసేపు నవ్వింది. ఎండ పడితే మంచు కరిగి మధ్యాహ్నానికి నీళ్లు పెరుగుతాయని, చలికి గడ్డకట్టి తెల్లారేసరికి తగ్గుతాయని చెప్పింది.

"అంటే తూము సూర్యుని చేతుల ఉన్నది" అన్నాడు ఆయన నా వైపు చూడకుండా.

"వంతు తప్పినం" అన్నాను.

ఆ రాత్రి ఆమె గుడారంలోనే పడుకున్నాం.

పొద్దున్నే పోతే వాగు పిల్లకాలువలా ఉంది. కానీ నిన్న దొర్లిన రాళ్లతో దారి చెదిరిపోయింది. ఎక్కడ గుంట ఉందో పైకి తెలియడం లేదు. ఎవరో ఒకరు ముందు నడిచి చూపాలి. మా మడుల్లో ట్రాక్టరు దిగబడే చోట అట్లాగే చేస్తాం: ఒకరు కర్రతో అడుగు చూస్తూ ముందు నడుస్తారు, ఒకరు వెనక తోలతారు.

నేను చెప్పులు విప్పబోయాను. ఆయన చేత్తో ఆపాడు. ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, జీపులోంచి కర్ర తీసుకున్నాడు.

"రోడ్డు అయితే నాకు ఎరుక. గిసొంటి బురదల తోలింది నువ్వు. పో, కూసో."

నేను స్టీరింగు ముందు కూర్చున్నాను, చెల్లె వెనక ఎక్కింది.

మొదటి గేరు వేశాను. బొటనవేళ్లు స్టీరింగు లోపల పెట్టలేదు, రాయి తగిలి స్టీరింగు గిర్రున తిరిగితే విరుగుతాయి. ఆయన మంచునీళ్లలో వంగి నడుస్తున్నాడు, చలికి పళ్లు గట్టిగా బిగించి, కర్రతో ఎడమకు, కుడికి చూపిస్తూ. నడుమ ఒకచోట వెనక చక్రం జారి బండి పక్కకు ఒరిగింది. యాక్సిలరేటరు మీంచి కాలు తీయకుండా పట్టాను. మడిలో కాలు తీస్తే అక్కడే దిగబడతాం. చక్రం దేన్నో పట్టుకుంది, బండి ఊగుతూ ఒడ్డెక్కింది.

ఆయన వచ్చేసరికి కాళ్లు ఎర్రగా కమిలి ఉన్నాయి. కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నేను దిగాలేమో అనుకుని తలుపు గడియ మీద చెయ్యి వేశాను. ఆయన టవల్ అడిగి తీసుకుని, బండి చుట్టూ తిరిగి, ఎడమ పక్క ఎక్కి కాళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"హీటర్ పెట్టు. ముంగట ఇంక శాన మలుపులున్నయంట."

కనుమ పైదాకా నేనే తోలాను. ప్రతి మలుపులోనూ ఆయన లేని బ్రేకు తొక్కాడు. నేను చూసీ చూడనట్టున్నాను. పైన జెండాలు కట్టిన చిన్న గుడి ఉంది. వచ్చిన ప్రతి బండీ దాని చుట్టూ ఒకసారి తిరిగే ముందుకు పోతోంది.

"తిప్పు" అన్నాడు.

తిప్పాను. ఒక్కసారి చాలంటాడేమో అనుకున్నాను. ఆయన గుడి వైపు దండం పెట్టుకుంటున్నాడు. ఇంకోసారి కూడా తిప్పాను.